షైలాక్ మీద సానుభూతి ఎలా కుదురుతుంది: ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ను తెలుగులో ఆడేవారికి సమగ్ర మార్గదర్శి

విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతాలలో కళాశాల విద్యార్థులతోనో, పరిషత్తు పోటీలకు అలవాటుపడిన నాటక సమాజాలతోనో షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ను తెలుగులో ప్రదర్శించాలనుకునే దర్శకులకు, నటులకు ఉపయోగపడాలని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. నాటకమంతటినీ ఎలా ఆడాలో ఇందులో చెప్పబోవడం లేదు. పగబట్టి, కత్తి నూరి, నిండు న్యాయస్థానంలో మనిషి గుండె దగ్గరి మాంసం కోయడానికి సిద్ధపడిన ఒక పరాయివాడి మీద, అంటే యూదు వడ్డీ వ్యాపారి షైలాక్ మీద, ప్రేక్షకులకు సానుభూతి కలగాలా, కలిగితే ఏ రంగంలో కలగాలి, దాన్ని కలిగించవలసిన బాధ్యత ఏ పాత్రధారిది అన్న ఒక్క చిక్కుముడినే విప్పే ప్రయత్నం చేస్తాను.

మొదటిసారి ఈ నాటకానికి దర్శకత్వం వహించినప్పుడు నేను చేసిన పొరపాటును ముందే చెప్పడం మంచిది. షైలాక్ నోట వచ్చే కటువైన మాటలన్నిటినీ కత్తిరించాను. ‘యూదుడికి కళ్లు లేవా’ అనే ప్రసిద్ధమైన మాటల వెనక వేణువు వాయించమన్నాను, పాత్రధారిని కన్నీళ్లు పెట్టుకోమన్నాను. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. వెనక వరుసల నుంచి ‘వన్స్‌మోర్’ అని కేక వచ్చింది, ఆ కుర్రవాడు ఉత్సాహంగా మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. గంట గడవకముందే, న్యాయస్థానం రంగంలో షైలాక్ ఓడిపోతున్నప్పుడు, అతన్ని గేలిచేసే పాత్ర అయిన గ్రాషియానో వేసిన ప్రతి ఎకసెక్కానికీ అదే హాలు ఈలలు వేసి నవ్వింది. కన్నీళ్లు పెట్టించానని సంబరపడిన నాకు ఆ ఈలలతో విషయం అర్థమైంది. ప్రేక్షకులు కరిగిపోయింది ఒక ఉపన్యాసానికే గాని, ఆ మనిషికి కాదు.

ఆ అనుభవం తర్వాత నేను చేరుకున్న నిర్ణయం ఇది: షైలాక్ మీద సానుభూతి కలిగించడం షైలాక్ పాత్రధారి పని కాదు, అతని చుట్టూ నిలబడిన మిగతా పాత్రధారుల పని. షైలాక్ పాత్రధారి సానుభూతిని అడుక్కోకూడదు. అతను తన పగను ఉన్నదున్నట్టుగా, తగ్గించకుండా ఆడాలి. ఈ క్రింది మెట్లన్నీ ఆ ఒక్క నిర్ణయాన్ని ఆచరణలో పెట్టే మార్గాలు.

ముందుగా, మన ప్రేక్షకుడి గురించి

పరాయివాడి పగను అర్థం చేసుకోవడం మనవాళ్లకు కొత్త విద్య కాదు. శకునిని చూడండి. భారత మూలంలో లేకపోయినా, గాంధార రాజకుమారులను చెరలో పెట్టి మనిషికొక్క మెతుకు చొప్పున వేశారనీ, ఆ మెతుకులన్నీ తిని బతికిన ఒక్కడే తండ్రి ఎముకలతో పాచికలు చేయించుకున్నాడనీ ఒక కథ మన జనం నోట స్థిరపడిపోయింది. అంతటి కపటికి ఒక కారణం లేకుండా ఉండదని జనమే ఊహించి, ఆ కారణాన్ని అల్లి, అతనికి ఇచ్చారు. సూతపుత్రుడని నిండు సభలో కర్ణుడిని వెక్కిరించిన ఘట్టానికి ఈ నేల మీద ఎన్ని తరాలు కంట తడి పెట్టాయో చెప్పనక్కరలేదు. అలాగని కర్ణుడు ద్రౌపది గురించి సభలో అన్న మాటను ఎవరూ మరచిపోలేదు, మన్నించనూ లేదు. జాలినీ తీర్పునూ ఒకే గుండెలో పక్కపక్కన పెట్టుకోగల ప్రేక్షకుడు మన హాళ్లలో ఎప్పటి నుంచో కూర్చుని ఉన్నాడు. దర్శకుడు అతని తెలివిని నమ్మితే చాలు.

మొదటి మెట్టు: జమాఖర్చుల చిట్టా రాయండి

రిహార్సల్‌కు ముందు దర్శకుడు, షైలాక్ పాత్రధారి, అంటోనియో పాత్రధారి ముగ్గురూ కూర్చుని ఒక చిట్టా రాయాలి (అంటోనియో అంటే స్నేహితుడు బసానియో కోసం షైలాక్ దగ్గర అప్పు చేసిన క్రైస్తవ వర్తకుడు). షైలాక్ నాటకమంతటిలో కనబడేది ఐదు రంగాలలోనే: మొదటి అంకం మూడో రంగం, రెండో అంకం ఐదో రంగం, మూడో అంకంలో ఒకటి, మూడు రంగాలు, నాలుగో అంకం మొదటి రంగం. ఐదో అంకంలో అతను అసలు రాడు. ఈ ఐదు రంగాలతో పాటు, అతను లేనప్పుడు అతని గురించి ఇతరులు మాట్లాడుకునే చోట్లన్నీ కూడా చిట్టాకు ఎక్కాలి.

ఒక పక్క అతనికి జరిగినవి రాయండి. రియాల్టో బజారులో అందరి ముందూ తిట్టడం, కుక్క అని పిలవడం, అంగీ మీద ఉమ్మడం, కూతురు నగలపెట్టెతో వెళ్లిపోవడం, ఊరి పిల్లలు వెంటపడి గేలి చేయడం. రెండో పక్క అతను అన్నవీ చేసినవీ రాయండి. అంటోనియో క్రైస్తవుడు కాబట్టి ద్వేషిస్తున్నాననీ, వడ్డీ లేకుండా అప్పులిచ్చి తన వ్యాపారాన్ని పాడుచేస్తున్నాడు కాబట్టి ఇంకా ఎక్కువ ద్వేషిస్తున్నాననీ అతను తనలో తాను చెప్పుకుంటాడు. పారిపోయిన కూతురు ఆ నగలు చెవులకు ఉండగా తన కాళ్ల దగ్గర చచ్చిపడి ఉంటే బాగుండునని అంటాడు.

రెండు పక్కలూ నిండిన తర్వాత ఒక నియమం పెట్టుకోండి: నిడివి తగ్గించవలసి వస్తే రెండు వైపుల నుంచీ సమానంగా తగ్గించాలి. జరిగిన అవమానాలను కత్తిరిస్తే 1600లో అచ్చయిన మొదటి ప్రతి ముఖపత్రం మీద ప్రకటించుకున్న ‘అతి క్రూరుడైన షైలాక్’ ఒక్కడే మిగులుతాడు. అతని దుర్మాటలను కత్తిరిస్తే, నేను తయారుచేసినట్టు, చప్పట్లు కొట్టించుకునే సాధువు మిగులుతాడు. ఆ ఇద్దరిలో ఎవడి మీదా నిజమైన సానుభూతి నిలవదు.

రెండో మెట్టు: యూదుడిని యూదుడిగానే ఉంచండి

తెలుగులో వేస్తున్నాం కాబట్టి కథను మన ఊరికి మార్చుదామన్న ఆలోచన తప్పకుండా వస్తుంది. ఇక్కడ నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

షైలాక్‌ను విజయవాడ వన్‌టౌన్‌లో దుకాణం పెట్టుకున్న ఉత్తరాది వ్యాపారిగా మార్చకండి. నాలుగు నవ్వులు సులువుగా వస్తాయి, నిజమే. కాని ఆ నవ్వు నాటకంలోని వెనిస్ జనం నవ్విన నవ్వే అవుతుంది. దాన్ని ప్రేక్షకుడికి చూపించి ఆలోచింపజేయవలసిన మనం, దాన్నే అతని చేత నవ్వించినవాళ్లం అవుతాం.

అతన్ని కాల్‌మనీ వ్యాపారిగా కూడా మార్చకండి. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పటి నుంచి ఆ మాట వింటేనే ఇక్కడి జనం ఒళ్లు మండుతుంది, మండవలసిందే. అయితే షైలాక్ రాయించుకున్న పత్రంలో వడ్డీ లేదు. మూడు వేల డుకాట్లు (బంగారు నాణేలు), మూడు నెలల గడువు, వడ్డీ సున్న, గడువు తప్పితే ఒక పౌను మాంసం, అంటే సుమారు 453 గ్రాములు. తర్వాత న్యాయస్థానంలో అసలుకు రెండింతలు ఇస్తానని బసానియో చెప్పినా, ఆ ఆరు వేలలో ఒక్కో డుకాటూ ఆరు ముక్కలై, ఒక్కో ముక్కా మళ్లీ డుకాటు అయినా తీసుకోనని షైలాక్ తేల్చి చెబుతాడు. డబ్బు కోసం పీడించేవాడి మాట అది కాదు. ప్రేక్షకుడు అతన్ని తనకు తెలిసిన వడ్డీ వ్యాపారితో కలిపేసుకున్న మరుక్షణం నాటకం చేజారిపోతుంది, కాబట్టి ‘వడ్డీ వద్దు’ అన్న మాట మొదటి అంకం మూడో రంగంలో హాలు చివరి వరుసకు కూడా స్పష్టంగా వినబడేలా చూడండి.

కులం మాటేమిటని విద్యార్థులు అడుగుతారు, అడగాలి కూడా. మీతో కొంటాను, మీతో అమ్ముతాను, మీతో నడుస్తాను, కాని మీతో కలిసి తినను, తాగను, ప్రార్థించను అని షైలాక్ బసానియోతో అంటాడు. సహపంక్తి ఎంత పెద్ద గోడో తెలిసిన మన ప్రేక్షకుడికి ఈ మాట లండన్ ప్రేక్షకుడి కంటే లోతుగా దిగుతుంది. కవి జాషువా పుట్టిన ప్రాంతంలో అవమానం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు. అయినా షైలాక్‌ను మన కులాల పట్టికలో ఒక గడిలో కూర్చోబెట్టవద్దని నా సలహా, ఎందుకంటే అతను ధనవంతుడైన పరాయివాడు, తన ఆచారం తనకు గర్వకారణమైనవాడు. ఆ పోలికను ప్రేక్షకుడు తన మనసులో తాను వేసుకుంటే బలం ఎక్కువ. ఇంకొక కారణం కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, బెనె ఎఫ్రాయిము అన్న పేరుతో యూదు మతాన్ని పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వారికి ప్రార్థనామందిరం ఉంది. యూదుడంటే మనకు సంబంధం లేని ఎక్కడివాడో అనుకుని ఈ ప్రాంతంలో నాటకం వేయడం కుదరదు.

నటులకు చరిత్ర కొంత చెప్పండి, ఎక్కువ అక్కరలేదు. ఇంగ్లండు తన యూదులను 1290లోనే వెళ్లగొట్టింది, షేక్‌స్పియర్ ఈ నాటకం రాసే నాటికి మూడు వందల ఏళ్లుగా అక్కడ బహిరంగంగా యూదుడిగా బతికినవాడు లేడు. వెనిస్ 1516లో యూదులను ఒక పేటకు పరిమితం చేసి, రాత్రిపూట దాని తలుపులు మూయించింది. భూమి కొనుక్కోనివ్వక, చేతివృత్తుల సంఘాలలో చేరనివ్వక, అప్పులిచ్చే వ్యాపారంలోకి నెట్టి, ఆపైన ఆ వ్యాపారం చేస్తున్నందుకే యూరప్ వారిని అసహ్యించుకుంది. ఇంత తెలిస్తే షైలాక్ పాత్రధారి నడకే మారుతుంది.

మూడో మెట్టు: ‘మీరు’, ‘నువ్వు’ల లెక్క తేల్చండి

ఈ నాటకాన్ని ఆడటానికి తెలుగు చాలా అనువైన భాష. నాటి ఇంగ్లీషులో ఉన్న మర్యాదా బహువచనానికీ ఏకవచనానికీ మధ్య తేడా నేటి ఇంగ్లీషులో లేదు. మనకు నిత్యమూ నాలుక మీదే ఉంది. మొదటి అంకంలో షైలాక్ అంటోనియోను మర్యాదగానే సంబోధిస్తాడు, అంటోనియో అతన్ని ఏకవచనంలో పిలుస్తాడు. మూడో అంకం మూడో రంగానికి వచ్చేసరికి అప్పు తీర్చలేక కాపలాలో ఉన్న అంటోనియో ‘మంచి షైలాక్’ అని బతిమాలుతుంటే, షైలాక్ ఏకవచనంలోకి దిగుతాడు.

కాబట్టి అనువాదంలో మొదటి అంకంలో షైలాక్ చేత ‘అయ్యా, మొన్న బుధవారం మీరు నా మీద ఉమ్మారు’ అనిపించండి. ఆ ‘అయ్యా’, ఆ ‘మీరు’ ఎంత నిదానంగా పలికితే ‘ఉమ్మారు’ అన్న క్రియ అంత పదునుగా తగులుతుంది. అంటోనియో చేత ‘నిన్ను మళ్లీ అలాగే పిలుస్తాను, మళ్లీ ఉమ్ముతాను’ అనిపించండి. మూడో అంకంలో తలకిందులు చేసి, అంటోనియో చేత ‘షైలాక్ గారూ, ఒక్క మాట వినండి’ అనిపించి, షైలాక్ చేత ‘కారణం లేకుండానే నన్ను కుక్కన్నావు, కుక్కనే కాబట్టి కోరలు చూసుకో’ అనిపించండి. గుంటూరు, కృష్ణా జిల్లాల ప్రేక్షకుడు ‘గారు’ ఎవరి పేరు వెనక ఎప్పుడు చేరిందో, ఎందుకు చేరిందో తప్పకుండా గమనిస్తాడు.

అతన్ని పేరుతో పిలిచేవాళ్లెవరు, ‘యూదుడా’ అనేవాళ్లెవరు అన్నది కూడా ప్రతి రంగంలో గుర్తులు పెట్టుకోండి. బసానియో భార్య పోర్షియా న్యాయకోవిదుడి వేషంలో వచ్చి న్యాయస్థానంలో అతని పేరు అడుగుతుంది, ‘నా పేరు షైలాక్’ అని అతను చెబుతాడు. అయినా చివరికి సర్వస్వమూ లాక్కున్నాక ‘తృప్తేనా, యూదుడా’ అనే అడుగుతుంది.

నాలుగో మెట్టు: అంటోనియోను మంచివాడిగా ఆడించండి

చాలా ప్రదర్శనలు ఇక్కడే దారి తప్పుతాయి. షైలాక్ మీద జాలి పుట్టాలంటే అంటోనియోను దుర్మార్గుడిగా చూపాలని అనుకుంటారు. దుర్మార్గుడు ఉమ్మితే అది ఒక దుర్మార్గుడి పని, అంతటితో సరి. స్నేహితుడి కోసం ప్రాణం పణంగా పెట్టేవాడు, ఊరంతా పెద్దమనిషి అని చేతులెత్తి మొక్కేవాడు, వడ్డీ ముట్టకుండా అప్పులిచ్చేవాడు బజారులో ఒక మనిషి మీద ఉమ్మి, దానికి రవ్వంత కూడా నొచ్చుకోకపోతే, అప్పుడు ప్రేక్షకుడు తన ఊరి పెద్దమనుషులను, తన ఇంటి పెద్దలను, కొంత తనను కూడా తలచుకుంటాడు.

అంటోనియో పాత్రధారి ‘మళ్లీ ఉమ్ముతాను’ అన్న మాటను కోపంగా అనకూడదు. గుంటూరు మిర్చి యార్డులో బేరం దగ్గర ఒక పెద్ద వ్యాపారి చిన్నవాడిని పదిమందిలో చిన్నబుచ్చేటప్పుడు గమనించండి, చాలాసార్లు గొంతు లేవదు. అది కోపం కూడా కాదు, అలవాటు. నా నటులను పొద్దున్నే అక్కడికి తీసుకువెళ్లి రెండు గంటలు నిలబెట్టాను. మాట పడినవాడు చేసిన పని షైలాక్ పాత్రధారికి అన్నిటికంటే ఉపయోగపడింది. అతను ఏమీ అనలేదు, నవ్వాడు, తుండుగుడ్డ తీసి భుజం దులుపుకుని మళ్లీ బేరంలో పడ్డాడు.

ఆ దులుపుకోవడాన్ని మేము నాటకంలోకి తెచ్చుకున్నాము. షైలాక్ వేసుకునే నేలకు జీరాడే వదులు అంగీ మీద, రొమ్ముకు ఎడమవైపున, ఒకనాడు ఉమ్మి పడిన చోటును పాత్రధారి నిర్ణయించుకున్నాడు. అంటోనియో ఎదురుపడిన ప్రతిసారీ అతని కుడి చెయ్యి ఆ చోటికి వెళ్లి ఒకసారి తుడుస్తుంది. ఎవరూ వివరించరు. మూడో అంకం నాటికి ముందు వరుసల వారు గమనిస్తారు, అంతకుమించి అక్కరలేదు.

మొదటి అంకంలోని ఆ అప్పు రంగంలోనే ఇంకొక మాట మరుగున పడకుండా చూడండి. అప్పును స్నేహితుడికి ఇచ్చినట్టు కాక శత్రువుకు ఇచ్చినట్టు ఇమ్మని, గడువు తప్పితే మొహమాటం లేకుండా శిక్ష వసూలు చేసుకోవచ్చని అన్నది అంటోనియోనే. పౌను మాంసం మాట ఆ తర్వాతే వస్తుంది.

ఐదో మెట్టు: ఇల్లు, కూతురు

రెండో అంకం ఐదో రంగం చిన్నది. తలుపులు వేసుకో, కిటికీలు మూసుకో, వీధిలోని ఆ పిచ్చి సందడి నా ఇంట్లోకి రానీయకు అని జెస్సికాకు చెప్పి షైలాక్ విందుకు వెళ్తాడు. తండ్రిని కేవలం పిసినారిగా చూపితే కూతురి పారిపోవడం వేడుక అవుతుంది, మరీ ప్రేమమూర్తిగా చూపితే ఆమె ద్రోహి అవుతుంది. భయపడే తండ్రిగా చూపండి. ఆ భయంలోనే ఆ అమ్మాయికి ఊపిరాడదు.

1879లో లండన్ లైసియం రంగస్థలం మీద హెన్రీ ఇర్వింగ్ ఇక్కడ ఒక మూకాభినయాన్ని చేర్చాడు. కూతురు వెళ్లిపోయిందని తెలియక షైలాక్ ఇంటికి వచ్చి తలుపు తట్టడం, తెర పడటం. ఆ ప్రదర్శన 250 ఆటలు ఆడింది. మన దర్శకులకు దాన్ని అనుకరించాలని మనసవుతుంది. నేను వద్దంటాను. మూలంలో షైలాక్ దుఃఖాన్ని మనం మొదట చూడము, అంటోనియో స్నేహితులు సలారినో, సొలానియోలు అనుకరించి నవ్వుతుండగా వింటాము. ‘నా కూతురు, నా డుకాట్లు’ అని అతను వీధిలో ఏడ్చాడన్నది వాళ్ల నోటి మాటే. వాళ్లను నిజంగా నవ్వు పుట్టించేలా ఆడించండి, ప్రేక్షకుడిని వాళ్లతో కలిసి నవ్వనివ్వండి. మూడో అంకం మొదటి రంగంలో ఆ మనిషి స్వయంగా వచ్చి నిలబడినప్పుడు ఆ నవ్వు గొంతులో అడ్డుపడుతుంది.

ఆరో మెట్టు: మూడో అంకం మొదటి రంగం

ఈ మార్గదర్శిలో మీరు ఎక్కువ రోజులు వెచ్చించవలసిన మెట్టు ఇదీ, న్యాయస్థానమూ. నలభై రోజుల రిహార్సల్ ఉంటే అందులో పది రోజులు ఈ ఒక్క రంగానికి ఇవ్వండి.

‘యూదుడికి కళ్లు లేవా, చేతులు లేవా, పొడిస్తే నెత్తురు రాదా’ అన్న మాటలను సర్వమానవ సౌభ్రాతృత్వం మీద ప్రసంగంగా విడదీసి చెప్పించడం మన పాఠ్యపుస్తకాల అలవాటు. ఆ మాటలు ఎక్కడికి పోతున్నాయో చూడండి. మీలాగే మాకూ నెత్తురుంది, మీలాగే మాకూ నవ్వుంది, కాబట్టి మీలాగే మాకూ పగ ఉంది, మీరు నేర్పిన దుర్మార్గాన్నే అమలు చేస్తాను, గురువును మించి చేసి చూపిస్తాను. ఇది పగను సమర్థించుకునే వాదన. ప్రేక్షకుడు మొదటి సగానికి తల ఊపుతూ ఊపుతూ చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి, తాను ఒప్పుకున్నది దేనికో తెలిసి ఉలిక్కిపడాలి. అందుకు మూడు పనులు చేయాలి.

వాద్యం వద్దు. వేణువు, వయొలిన్, తంబుర, ఏదీ వద్దు. వినేవాళ్లు ఇద్దరూ కదులుతూ ఉండాలి. సలారినో, సొలానియోలు ఆపి వినే భక్తులు కారు, ఒక నిమిషం ముందు వరకు అతన్ని ఆటపట్టిస్తున్నవాళ్లు. ప్రశ్నలు వాళ్ల ముఖం మీద వేయాలి గాని హాలు వైపు తిరిగి వేయకూడదు. పద్యనాటకం చూసి పెరిగిన మన నటుడికి ముందుకు వచ్చి, మైకు కింద నిలబడి, హాలును చూస్తూ చెప్పాలనే కోరిక ఒంట్లో ఇంకి ఉంటుంది. ఆ కోరికను మాన్పించడానికే నాకు నాలుగు రోజులు పట్టింది.

ఇక వన్స్‌మోర్ సమస్య. దీనికి మందు షేక్‌స్పియరే రాసిపెట్టాడు. ఆ మాటలు ముగిసీ ముగియగానే అంటోనియో సేవకుడు ఒకడు వచ్చి, యజమాని మిమ్మల్నిద్దరినీ రమ్మంటున్నాడని చెబుతాడు. ఆ సేవకుడిని చివరి వాక్యం మీదే సైడ్ వింగ్ నుంచి బయలుదేరదీయండి, చప్పట్లకు రెండు క్షణాల ఖాళీ కూడా ఇవ్వకండి. కొందరు దర్శకులు ఆ సేవకుడిని అనవసరమని తీసేస్తారు. చప్పట్లు పడిన చోట ప్రేక్షకుడి గుండె బరువు దిగిపోతుంది, ఆ బరువును మనం న్యాయస్థానం దాకా మోయించాలి. సేవకుడిని ఉంచండి.

తర్వాత షైలాక్ స్నేహితుడైన మరో యూదుడు ట్యూబల్ వస్తాడు, ఒక మంచివార్త, ఒక చెడువార్త చొప్పున చెబుతాడు. అంటోనియో ఓడ మునిగింది. నీ కూతురు జెనోవాలో ఒక్క రాత్రి ఎనభై డుకాట్లు ఖర్చు పెట్టింది. షైలాక్ ఊయల మీద కూర్చున్నవాడిలా అటూ ఇటూ ఊగుతాడు. హాలు మళ్లీ నవ్వుతుంది, నవ్వనివ్వండి. ఆ నవ్వు మధ్యలో, ఒక కోతి కోసం ఉంగరాన్ని ఇచ్చేసిందని ట్యూబల్ అంటాడు. అది తన నీలిరాయి ఉంగరమనీ, పెళ్లి కాకముందు లియా తనకు ఇచ్చిందనీ, ఒక అడవి నిండా కోతులిచ్చినా దాన్ని ఇచ్చేవాడిని కాననీ షైలాక్ చెబుతాడు. నాటకమంతటిలో లియా పేరు వినబడేది ఈ ఒక్కచోటే. ఆమె ఎవరో, ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పరు.

ఈ వాక్యాన్ని ఎలా పలకాలో నా దగ్గర ఒక్క సూచనే ఉంది: ట్యూబల్‌తో చెప్పినట్టు కాకుండా, తనకు తాను ఒక లెక్క సరిచూసుకుంటున్నట్టు చెప్పాలి. కన్నీళ్లు వద్దు. పాత్రధారి ఎడమచేతి ఉంగరం వేలిని కుడిచేత్తో ఒకసారి తడుముకుంటే చాలు. వెంటనే, ఊపిరి తీసుకునేంత వ్యవధి కూడా లేకుండా, గడువు తప్పితే అంటోనియో గుండె తీస్తానన్న మాటలోకి వెళ్లాలి. ఉంగరానికీ గుండెకూ మధ్య నటుడు ఆగితే ప్రేక్షకుడు రెండింటినీ వేరుచేసుకుంటాడు, ఇదొక మంచి షైలాక్, అదొక చెడ్డ షైలాక్ అని. ఆగకపోతే ఆ ఒకే మనిషిని మొత్తంగా మోయక తప్పదు.

ఏడో మెట్టు: న్యాయస్థానం

1741లో చార్లెస్ మాక్లిన్ వచ్చేదాకా లండన్ రంగస్థలం మీద షైలాక్ హాస్యపాత్ర, మాక్లిన్ అతన్ని భయపెట్టేవాడిగా మార్చాడు. 1814లో ఎడ్మండ్ కీన్ సంప్రదాయంగా వస్తున్న ఎర్ర విగ్గును తీసేసి నల్ల విగ్గు పెట్టుకుని మనిషిగా మార్చాడు. 1943లో నాజీల ఏలుబడిలో ఉన్న వియన్నాలో ఇదే పాత్రను యూదులపై ద్వేషం పెంచడానికి ఆడారు. ఒకే పాఠం ఇన్ని పనులకు లొంగిందంటే, ఈ రంగంలో దర్శకుడి చేతిలో ఎంత ఉందో ఆలోచించండి.

రంగం మొదటి సగంలో షైలాక్ భయంకరుడిగా ఉండాలి. చెప్పు అడుగున కత్తి నూరడం, త్రాసు తెచ్చుకోవడం, వైద్యుడిని పిలిపించమంటే పత్రంలో ఆ మాట లేదనడం, ఇవన్నీ పూర్తిగా చూపండి. నూరే చప్పుడు హాలంతా వినబడాలి. అంటోనియో రొమ్ము విప్పినప్పుడు ప్రేక్షకులు నిజంగా జంకాలి. ఇక్కడ షైలాక్‌ను మెత్తబరిస్తే తర్వాత జరిగేదానికి విలువ ఉండదు. అతను వేసే ఒక ప్రశ్నను మాత్రం గట్టిగా నిలబెట్టండి. మీ ఇళ్లలో కొనుక్కున్న బానిసలున్నారు, వాళ్లను వదిలిపెట్టి మీ పిల్లలనిచ్చి పెళ్లి చేయండంటే ‘మా సొత్తు’ అంటారు, ఈ మాంసం కూడా నేను కొన్న సొత్తే. ఈ ప్రశ్నకు ఆ సభలో ఎవరూ జవాబు చెప్పరు. తీర్పు చెప్పవలసిన వెనిస్ పాలకుడు డ్యూకు మాట మారుస్తాడు. డ్యూకు పాత్రధారి ఆ మార్చడాన్ని కనబడేలా చేయాలి.

పోర్షియా మలుపు తిప్పిన తర్వాత షైలాక్ మూడు మెట్లు దిగుతాడు. నెత్తుటిబొట్టు చిందకుండా కోయమనగానే మూడింతల డబ్బు చాలంటాడు, లేదంటుంది. అసలు ఇస్తే పోతానంటాడు, అదీ లేదంటుంది. అయితే వెళ్లిపోతానని కదులుతాడు. ఇంతవరకు ప్రేక్షకుడు ఊరట పడుతూనే ఉండాలి, గ్రాషియానో ఎకసెక్కాలకు నవ్వినా తప్పులేదు. షైలాక్ దాదాపు వింగ్ దగ్గరికి చేరాక ‘ఆగు, యూదుడా’ అన్న మాట రావాలి. ఆపైన చదివే చట్టంలో ఒక పదం ఉంది: పరదేశి. పరదేశి ఎవడైనా పౌరుడి ప్రాణం తీయచూస్తే అతని ఆస్తిలో సగం ఆ పౌరుడికి, సగం ఖజానాకు, ప్రాణం డ్యూకు దయకు. ఆ ఊళ్లోనే ఇల్లుండి, ఆ బజారులోనే వ్యాపారం చేసి, ఆ చట్టాన్నే నమ్ముకుని వచ్చిన మనిషికి, నువ్వు ఈ చట్టం లోపలివాడివి కావని అప్పుడు చెబుతున్నారు. పోర్షియా ‘పరదేశి’ అన్న పదాన్ని నొక్కకుండా, పత్రంలో ఉన్నట్టుగా చదవాలి. మేము ఆ పదం దగ్గర లైటు కూడా మార్చలేదు. షైలాక్ పాత్రధారి తల మాత్రం తిప్పాడు.

ఆ తర్వాత అంటోనియో చూపే దయ. షైలాక్ ఆస్తిలో సగం తన చేతిలో ఉంచుకుని అతని మరణానంతరం అల్లుడు లొరెంజోకు అప్పగిస్తాననీ, మిగిలినదంతా కూతురికీ అల్లుడికీ రాసివ్వాలనీ, వెంటనే క్రైస్తవుడు కావాలనీ అడుగుతాడు. ఆనాటి ప్రేక్షకులలో ఎందరికో ఆత్మను కాపాడే దయగానే తోచి ఉండవచ్చు. అందుకే అంటోనియో పాత్రధారి ఈ మాటలను చిత్తశుద్ధితో, నిజంగా మేలు చేస్తున్నవాడిలా పలకాలి. వెక్కిరింపు ముఖం పెడితే ప్రేక్షకుడు అతన్ని తిట్టుకుని తప్పించుకుంటాడు. మంచివాడు మంచిగా ఒకరి దేవుణ్ణి లాగేసుకోవడం చూస్తే తప్పించుకోవడానికి దారి ఉండదు.

‘సమ్మతమే’ అంటాడు షైలాక్. ‘ఒంట్లో బాగాలేదు, నన్ను వెళ్లనివ్వండి, పత్రం ఇంటికి పంపండి, సంతకం చేస్తాను’ అంటాడు. వీటిని మించి ఒక్క అరుపు, ఒక్క ఏడుపు కూడా చేర్చవద్దు. అతను నడిచి వెళ్లేటప్పుడు గ్రాషియానో వేసే చివరి ఎకసెక్కానికి హాలు నవ్వుతుందా లేదా అన్నదే మీ ప్రదర్శనకు పరీక్ష. డ్రెస్ రిహార్సల్‌కు పాతిక ముప్పై మందిని పిలిచి, ఇద్దరిని వేదిక వైపు కాకుండా ప్రేక్షకుల ముఖాల వైపు కూర్చోబెట్టి, ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఆగారో రాయించండి. చివరి ఎకసెక్కానికి ఇంకా ఈలలు పడుతుంటే లోపం షైలాక్ దగ్గర వెతకవద్దు, నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లి అంటోనియోను చూడండి.

ఎనిమిదో మెట్టు: ఐదో అంకం

పందొమ్మిదో శతాబ్దంలో కొందరు ప్రముఖ నటులు షైలాక్ నిష్క్రమణతోనే నాటకాన్ని ముగించారు. మీరు ముగించకండి. వెన్నెల రాత్రి, సంగీతం, ఉంగరాల సరసం, ఇవన్నీ ఉండాలి, హాయిగానే ఉండాలి. అతను లేకుండా లోకం ఎంత సులువుగా సాగిపోతోందో ప్రేక్షకుడు చూడాలి. మధురమైన సంగీతం వింటే నాకెప్పుడూ ఉల్లాసం కలగదు అని జెస్సికా అంటుంది. నాటకంలో ఆమె చెప్పే చివరి మాట అదే, ఆ తర్వాత చాలాసేపు వేదిక మీద ఉన్నా ఇంకేమీ మాట్లాడదు. ఆ అమ్మాయి పాత్రకు మీ దగ్గరున్న మంచి నటిని ఎంచుకోండి.

చివరిలో పోర్షియా చెలికత్తె నెరిస్సా వచ్చి షైలాక్ రాసిచ్చిన దానపత్రాన్ని లొరెంజో చేతిలో పెడుతుంది. నాటకంలో వాడిన అప్పు పత్రం ఎలాంటి కాగితమో, దానికి ఎలాంటి ముద్ర ఉందో, ఇదీ అలాంటిదే కావాలి. లొరెంజో ఆకలితో ఉన్నవాళ్ల దారిలో అమృతం కురిపించారని సంబరపడతాడు. ఆ సంబరంలో అతను పత్రాన్ని జెస్సికా వైపు చాపుతాడు. మా ప్రదర్శనలో ఆమె దాన్ని అందుకోలేదు. వంగి, వెన్నెల వెలుగులో, కింద ఉన్న సంతకాన్ని చదివింది, కుడిచేత్తో తన ఎడమచేతి ఉంగరం వేలిని ఒకసారి తడుముకుంది. మిగతావాళ్లు నవ్వుకుంటూ లోపలికి వెళ్లారు.